ప్రోగ్రామును నడిపించిన షెల్‌ను పేరెంట్ ప్రాసెస్‌ల ద్వారా గుర్తించడం

హనుమకొండలో మేము పనిచేసుకునే గదిలో ఒక విద్యార్థి, ట్యాబ్ నొక్కితే ఆదేశాలను పూరించే స్క్రిప్టును తెరపై చూపే చిన్న ప్రోగ్రాము రాశాడు. ఫిష్ అనే షెల్ (మనం టైపు చేసే ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రాము) వాడే సహాధ్యాయిని ల్యాప్‌టాప్‌లో అది బాష్ అనే మరో షెల్‌కు చెందిన స్క్రిప్టును ఇచ్చింది, ఫిష్ దానిని చదవలేక తప్పులు చూపింది. కారణం, అతడు ‘షెల్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రాములకు అందే, పేరు పెట్టిన విలువను) నమ్మడమే. అందులో ఉండేది ఖాతాకు కేటాయించిన లాగిన్ షెల్ పేరు. బాష్‌లో ఉండి ఫిష్‌ను తెరిచినా అది మారదు. ఆధార్‌లో పరకాల చిరునామా ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఇప్పుడు పరకాలలోనే ఉంటున్నాడని చెప్పలేము కదా!

నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఒక ప్రాసెస్, దానిని ప్రారంభించినది దాని పేరెంట్. అందువల్ల ప్రోగ్రాము తన పేరెంట్ ప్రాసెస్ సంఖ్యను అడిగి తెలుసుకుని, షెల్ దొరికేదాకా ఒక్కొక్క మెట్టే పైకి వెళ్లాలి. లినక్స్‌లో ‘ప్రాక్’ ఫోల్డరులో ప్రతి ప్రాసెస్‌కు దాని సంఖ్య పేరుతో ఒక ఫోల్డరు ఉంటుంది. అందులోని ‘స్టాట్’ ఫైలులో నాలుగో అంశం పేరెంట్ సంఖ్య. అయితే రెండో అంశమైన ప్రాసెస్ పేరు కుండలీకరణాల మధ్య ఉంటుంది, ఆ పేరులోనే ఖాళీలు, కుండలీకరణాలు ఉండే అవకాశం ఉంది. కాబట్టి వరుసను ఖాళీల దగ్గర విడగొట్టకుండా, చివరి కుండలీకరణం ముగిసిన తరువాత వచ్చే రెండో అంశాన్ని తీసుకోవాలి.

అసలు చిక్కు పేరు దగ్గరే వస్తుంది. ఆ ల్యాప్‌టాప్‌లో మా ప్రోగ్రాముకు పైన ‘రన్.ఎస్‌హెచ్’ అనే స్క్రిప్టు, దానికి పైన ఫిష్, ఆ పైన టెర్మినల్ కనిపించాయి. స్క్రిప్టు మొదటి వరుసలో బాష్‌ను పేర్కొన్నందువల్ల ప్రాసెస్ ఫోల్డరులో, నడుస్తున్న ప్రోగ్రాము ఫైలును చూపే ‘ఎక్స్ఈ’ లింకు బాష్‌నే చూపుతుంది, ప్రాసెస్ పేరు ఉండే ‘కామ్’ ఫైలు మాత్రం స్క్రిప్టు పేరును ఇస్తుంది. లింకును నమ్మితే మళ్లీ బాష్ అనే తప్పు జవాబే వస్తుంది. పైగా సుడో వంటి, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పేరున నడిచే ప్రాసెస్‌ల లింకును సాధారణ ఖాతాతో చదవలేము. అందుకని ‘కామ్’ నే వాడమంటాను, అందులో పేరు 15 బైట్లకే పరిమితమైనా షెల్ పేర్లకు అది చాలు. ఎవరైనా స్క్రిప్టును ‘బాష్’ అనే మాట ముందు పెట్టి నడిపితే అక్కడా బాష్ అనే ఉంటుంది కనుక, ప్రాసెస్‌ను నడిపిన పూర్తి ఆదేశం ఉండే ‘కమాండ్‌లైన్’ ఫైలులో ఆ పేరు తరువాత స్క్రిప్టు పేరు గానీ ‘సి’ ఐచ్ఛికం గానీ ఉంటే దానిని దాటి పైకి పోవాలి.

మ్యాక్‌లో ‘ప్రాక్’ లేదు. ‘పీఎస్’ ఆదేశంతో పేరెంట్ సంఖ్యను, పేరును అడగాలి. లాగిన్ షెల్ అయితే పేరు ముందు అడ్డగీత కనిపిస్తుంది, దానిని తీసేసి పోల్చాలి. విండోస్‌లో పేరెంట్ ముగిసిపోయి, దాని సంఖ్య వేరే ప్రాసెస్‌కు దక్కి ఉండవచ్చు. పేరెంట్ అనుకున్నది మన ప్రాసెస్ కంటే తరువాత పుట్టి ఉంటే దానిని వదిలేయాలి.

లినక్స్‌లో పేరెంట్ ముందే ముగిస్తే మన ప్రోగ్రాము 1వ నంబరు ప్రాసెస్‌కో, వాడుకరి ప్రాసెస్‌లను చూసుకునే సిస్టమ్‌డీకో దత్తు పోతుంది, ఇక పైన షెల్ దొరకదు. అప్పుడు మాత్రమే ‘షెల్’ వేరియబుల్‌ను చూడాలి. షెల్ పేరును వాడుకరే స్వయంగా చెప్పే ఐచ్ఛికం ఇచ్చి ఉంటే, ఈ వెతుకులాట అంతటికంటే ముందు దానినే పాటించాలి.