ఆల్టర్నేటివ్ రాక్ గిటార్ టోన్ యాంప్‌లో ఎలా తెప్పించాలి?

కావలి, ఒంగోలు కాలేజీ ఫెస్టుల్లో రాక్ బ్యాండ్ స్టేజీ ఎక్కితే గిటార్ వాయించే చెయ్యి కనబడుతుంది, గిటార్ మాత్రం వినబడదు. డ్రమ్స్ వెనకాల ఈగల మోత. ఎక్కువసార్లు తప్పు గిటార్‌ది కాదు, యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) మీద తిప్పిన నాబ్‌లది.

హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్, అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న గిటార్, డ్రైవ్ ఛానెల్ (శబ్దాన్ని గరగరలాడించేది) ఉన్న యాంప్ చాలు. పికప్ మార్చే సెలెక్టర్‌ను బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరి పికప్ మీద పెట్టి, ఆరో తీగను E స్వరం నుంచి D స్వరానికి దించండి. మన సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి కొత్తవి వేయండి. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌నే వాడండి, లేకపోతే గుయ్‌మనే మోత వదలదు. బాస్ 4, ట్రెబుల్ 6, ప్రెజెన్స్ (పై శబ్దపు పదును) 5, రివర్బ్ (ప్రతిధ్వని) సున్నా.

ఇక గెయిన్, అంటే శబ్దం ఎంత గరగరలాడాలో తేల్చే నాబ్. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రికార్డుల్లో వినే ఆ దట్టమైన శబ్దం గెయిన్ వల్ల వచ్చిందనుకుని 10కి తిప్పేస్తారు. స్టూడియోలో చాలామంది ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెడతారు. కింద బాస్ గిటార్ కూడా తోడుంటుంది. ఒక్క గిటార్‌తో, గెయిన్ పెంచి అది తేలేరు.

ముందు గెయిన్ బాగా తగ్గించి, మాస్టర్ వాల్యూమ్‌ను డ్రమ్స్‌కు సరితూగేదాకా పెంచండి. తర్వాత పవర్ కార్డ్ (రెండు మూడు తీగలు కలిపి కొట్టే కార్డ్) కొడుతూ గెయిన్ మెల్లగా తిప్పండి. గట్టిగా కొడితే గరగరలాడాలి, మెత్తగా మీటితే తేటపడాలి. అక్కడ ఆగండి. అరచేతి అంచును బ్రిడ్జ్ దగ్గర ఆనించి ఆరో తీగను కొట్టి చూడండి. దబ్‌మని అక్కడికక్కడే ఆగితే సరిపోయినట్టే. జుయ్‌మని సాగితే ఎక్కువైంది, తగ్గించండి. చాలా యాంపుల్లో ఇది 5, 6 మధ్యే కుదురుతుంది.

మిడ్స్ (మధ్య స్థాయి శబ్దాల నాబ్) 7. అయిదు కంటే దించకూడదు. కింది శబ్దం బాస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది. పైది సింబల్స్‌ది. గిటార్‌కు మిగిలేది మధ్య చోటే, దాన్ని కూడా తీసేస్తే ఇంకేం వినబడుతుంది? మిడ్స్ సున్నా చేస్తే గదిలో ఒంటరిగా వాయించినప్పుడు బ్రహ్మాండంగానే అనిపిస్తుంది, డ్రమ్స్ మొదలవగానే మాయమవుతుంది. అందుకే సెట్టింగ్ బ్యాండ్ మొత్తం వాయిస్తుండగానే చేయాలి.

మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌లో ముందే పెట్టి ఉంచిన రెడీమేడ్ సెట్టింగులను (ప్రీసెట్లను) నేను ఒప్పుకోను. అమెరికన్ రాక్ బ్యాండ్ రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ గిటారిస్టు టామ్ మొరెలో ఏళ్ల తరబడి ఒకే 50 వాట్ల మార్షల్ జేసీఎం 800 యాంప్ మీద వాయించాడు. ఆ దూకుడు చేతిలోంచి రావాలి.

స్లాబు గదిలో బాస్ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి అక్కడ 3 చాలు. షామియానా కింద ఆరుబయట వాయించేటప్పుడు 5 చేయండి. గెయిన్‌ను మాత్రం కదపొద్దు.