ఇంట్లో చేపల తొట్టి – మూడో పాఠం: చేపలు తెచ్చే ముందు నెల

పోయిన పాఠం ప్రకారం మీ రెండడుగుల ట్యాంక్ స్టాండ్ మీద లెవల్‌గా కూర్చుని ఉండాలి, గ్రావెల్ (అడుగున వేసే చిన్న గులకరాళ్లు) కడిగి పరిచి ఉండాలి, స్పాంజ్ ఫిల్టర్‌కి ఎయిర్ పంప్ గొట్టం బిగించి ఉండాలి. ఇప్పుడు నీళ్లు పోద్దాం. చేపలు మాత్రం ఈ నెల తేవద్దు. మీరు మన మద్రాసులో రంగు చేపల షాపులుండే కొళత్తూరు పక్క వీధిలోనే ఉన్నా సరే, పిల్లలు రోజూ పోరుపెట్టినా సరే తేవద్దు. కొత్త ట్యాంకుల్లో మొదటి రెండు వారాల్లోనే చేపలు ఒక్కొక్కటిగా తేలిపోతుంటే జనం షాపు వాణ్ణి తిడతారు, లేదా మన హస్తవాసి మంచిది కాదనుకుంటారు. ఎక్కువసార్లు అసలు కారణం ఈ నెలను ఎగ్గొట్టడమే, అందుకే ఈ పాఠం మొత్తం దీనికే ఇస్తున్నాను.

చేప మొప్పల్లోంచి, దాని మలంలోంచి, అది తినకుండా వదిలేసిన మేతలోంచి అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. చెరువులో అయితే అన్ని నీళ్లలో ఎక్కడో కలిసిపోతుంది, మన ట్యాంకులో గ్రావెల్ పోను మిగిలేది నలభై అయిదు లీటర్లు, అది ఎక్కడికీ పోదు, చేప మొప్పల్ని కాల్చేస్తుంది. ఆ అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉంది. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. తర్వాత నైట్రోస్పైరా వచ్చి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, నైట్రేట్‌ని చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి, మిగతాది వారం వారం నీళ్లు మార్చి, మొక్కలు పెట్టి మనం తగ్గిస్తాం. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ, స్పాంజ్‌కి, గ్రావెల్‌కి, అద్దానికి పట్టుకుని బతుకుతుంది. పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మద్రాసు వేడి దానికి బాగా నచ్చుతుంది కాబట్టి మనకు హీటర్ ఖర్చు లేదు.

ముందు మీ కుళాయిలో ఏ నీళ్లు వస్తున్నాయో తెలుసుకోండి. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో మెట్రో వాటర్ (ఊరి సరఫరా నీళ్లు), బోరు, లారీ నీళ్లు మూడూ ఒకే సంప్‌లో కలుస్తాయి, ఈ వారం వచ్చిన నీళ్లు వచ్చే వారం ఉండవు. వాచ్‌మన్‌ని అడగండి, అన్నీ అతనికే తెలుసు. మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది, అది చేపల్నీ చంపుతుంది, మనం పెంచబోయే బ్యాక్టీరియానీ చంపుతుంది. షాపులో యాంటీ క్లోరిన్ అని అడిగితే ఇస్తారు, సీసా మీద రాసిన కొలత ప్రకారం వేయండి. బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచినా మామూలు క్లోరిన్ పోతుంది, క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అయితే అలా పోదు, అందుకని యాంటీ క్లోరిన్ వేయడమే నయం. బోరు నీళ్లయితే గట్టి నీళ్లు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది కదా, అదే గుర్తు. వాటిని చూసి భయపడక్కర్లేదు, గప్పీలు, మోలీలు, ప్లాటీలు లాంటి చిన్న రంగు చేపలు గట్టి నీళ్లలోనే హాయిగా ఉంటాయి. ఆర్వో నీళ్లు మాత్రం వట్టివి పోయకండి, చేపకు కావలసిన ఖనిజాలు అందులో ఉండవు. ఇంకో సంగతి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే అమ్మోనియాలో నిజంగా విషంగా ఉండే భాగం దాదాపు పది రెట్లు పెరుగుతుంది. మన బోరు నీళ్ల పీహెచ్ చాలా చోట్ల ఎక్కువే కాబట్టి ఈ ఊళ్లో తొందర పడటం ఇంకా ప్రమాదం.

నీళ్లు పోసి, యాంటీ క్లోరిన్ వేసి, ఎయిర్ పంప్ ఆన్ చేయండి. ఇక రాత్రీ పగలూ ఆపొద్దు. చేపలు లేకపోయినా చేపలు ఉన్నట్టే రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. రొయ్య ముక్క వేసినా పని జరుగుతుంది గానీ ఈ ఎండల్లో హాల్లో ఆ వాసన ఇంట్లో వాళ్లు భరించలేరు. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంక్ ఉంటే వాళ్ల పాత స్పాంజ్‌ని మన నీళ్లలో పిండించుకోండి, ఆ మురికి గోధుమ నీళ్లు బంగారం, వారాలు కలిసొస్తాయి. అక్కడ చేపలకు జబ్బు ఉంటే మాత్రం వద్దు.

టెస్ట్ కిట్ కొనండి, ట్యూబులో చుక్కలు వేసేది, కాగితం పట్టీలకంటే అది నమ్మకం. ట్యూబును ట్యాంక్ నీళ్లతోనే కడిగి, గీత దాకా నింపి, చుక్కలు ఒకటొకటిగా లెక్కపెట్టి వేసి, మూత పెట్టి ఊపి, అయిదు నిమిషాలు ఆగి, తెల్ల కాగితం ముందు పట్టుకుని చూడండి. ట్యూబ్‌లైట్ కింద రంగు మోసం చేస్తుంది, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడటం మేలు. ఎక్కువగా దొరికే కిట్లలో అమ్మోనియా లేకపోతే పసుపు, పెరిగేకొద్దీ ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే లేత నీలం, ఉంటే ఊదా. రెండు రోజులకోసారి చూసి నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పండి, చేపలు ఎప్పుడు తెస్తావని అడగడం మానేసి ఈ రోజు ఏ రంగు వచ్చిందో చెప్పడానికి పరిగెత్తుకొస్తారు.

మొదటి వారంలో అమ్మోనియా పెరుగుతుంది. ట్యాంక్ పలచటి గంజిలా తెల్లగా మారవచ్చు, అది వేరే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, దానంతట అదే తేరుకుంటుంది, కంగారుపడి నీళ్లన్నీ పారబోయకండి. తర్వాత అమ్మోనియా దిగుతూ ఉంటే నైట్రైట్ ఎక్కుతుంది, ఊదా రంగు రోజుల తరబడి కదలదు, చాలామంది ఓపిక ఇక్కడే పోతుంది. ఫిల్టర్ పాడైందేమో అని విప్పి కుళాయి కింద కడిగేస్తారు, అంతే, కథ మళ్లీ మొదటికొస్తుంది. స్పాంజ్ మూసుకుపోతే ట్యాంక్ నీళ్లు బకెట్‌లోకి తీసి అందులోనే మెల్లగా పిండండి. షాపులో నీళ్లు శుభ్రంగా ఉంటాయని నీలం మందు ఇస్తే తీసుకోకండి, జబ్బు లేకుండా అది వేస్తే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అద్దాల మధ్య సిలికాన్ కూడా నీలంగా మారిపోతుంది.

కరెంటు పోతే? గంటా రెండు గంటలకు ఏమీ కాదు. కానీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను అప్పుడు మన ఊళ్లో చాలా ఏరియాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, గాలి ఆడకపోతే స్పాంజ్‌లో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఒకటి ఇప్పుడే కొని పెట్టుకోండి, చేపలు వచ్చాక ఎలాగూ కావాలి.

రోజూ మేత వేస్తున్నా వారం రోజుల పాటు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వచ్చి, నైట్రేట్ మాత్రం కనిపిస్తుంటే ట్యాంక్ సిద్ధం. అప్పుడు సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్ తగ్గించండి, కొత్త నీళ్లకు యాంటీ క్లోరిన్ మరవద్దు. చిటికెడు మేత మాత్రం చేపలు వచ్చే రోజు దాకా ఆపకండి, లేకపోతే బ్యాక్టీరియా ఆకలితో తగ్గిపోతుంది. మొదటి విడతలో మూడు నాలుగు చిన్న చేపలకు మించి వద్దు. కొళత్తూరు షాపుల్లో ఏ చేప ఆరోగ్యంగా ఉందో ఎలా చూడాలి, సంచీలోంచి ట్యాంకులోకి ఎలా వదలాలి అనేది నాలుగో పాఠంలో చెబుతాను, అందాకా మీ నోట్‌బుక్‌లో కనీసం పది రీడింగులు ఉండాలి.