పడకగదికి కొత్త కళ రావాలంటే ముందు గోడ సంగతి చూడండి

శ్రావణంలో ముహూర్తం కుదిరితే ఆషాఢంలో రంగులు వేయిస్తారు. దసరాకి చుట్టాలొస్తున్నారంటే భాద్రపదంలో వేయిస్తారు. రెండూ వానాకాలమే. గోడలు నీళ్లు తాగి ఉన్న రోజుల్లో హడావిడిగా లప్పం (పుట్టీ) పూయించి, పైన ఖరీదైన ఎమల్షన్ రంగు రెండు కోట్లు (పూతలు) కొట్టించి, ఫొటోలు దిగి మురిసిపోతారు. సంక్రాంతికల్లా మంచం వెనక గోడ బుడగలు పొంగి పెచ్చులూడుతుంది. అప్పుడు తిట్లన్నీ పెయింటు కంపెనీకి. చెమ్మ గోడ మీద ఎవరి రంగైనా అంతే.

పడకగది రూపు మార్చడంలో నిజంగా కష్టమైన పని ఒక్కటే, గోడని సిద్ధం చేయడం. రంగు, దీపాలు, కర్టెన్లు, మంచం జాగా, ఇవన్నీ సెలవు రోజుల్లో తెమిలిపోయేవి. జనం మాత్రం షేడ్ కార్డు ముందేసుకుని వారం రోజులు తర్జనభర్జన పడతారు, గోడకి ఒక్క పూట కూడా ఇవ్వరు.

అందుకని మొదటి నియమం: సంక్రాంతి దాటాకే మొదలుపెట్టండి, తొలకరికి ముందే ముగించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే ఫిబ్రవరి, మార్చి నెలల్ని వదులుకోవద్దు.

కొనాల్సినవి, సర్దాల్సినవి

పన్నెండు బై పది గది, పదడుగుల ఎత్తు అనుకుందాం. నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 400. రెండు కోట్లకి 4 లీటర్ల ఎమల్షన్ డబ్బా సరిపోతుంది. రంగుకి ముందు వేసే ప్రైమరు కూడా ఒక 4 లీటర్లు తెచ్చుకోండి. సీలింగుకి తెలుపు వేరే. ఉప్పు కాగితం 120, 220, 320 నంబర్లు. లప్పం పెట్టే బ్లేడులు చిన్నదొకటి, పెద్దదొకటి. రోలరు, రెండంగుళాల బ్రష్షు, మాస్కింగ్ టేపు, ముక్కుకి మాస్కు. అంతే.

బీరువా, మంచం గది మధ్యకి జరిపి ప్లాస్టిక్ షీటు కప్పండి. ఫ్యాను రెక్కలకి పాత దిండు గలీబులు తొడగండి. మేకులు పీకేయండి. స్విచ్ బోర్డు పలకలు విప్పేముందు ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చి) ఆపండి, గోడ పని అయ్యేదాకా ఆన్ చేయకండి.

గోడని పరీక్షించడం: ఇక్కడ తొందరపడితే మిగతాదంతా దండగ

ముందు అరచేత్తో గోడని గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటిందంటే కింద పాత సున్నమో, డిస్టెంపరు అనే చవక రకం రంగో ఉన్నట్టు. అది పూర్తిగా గీకేయాలి. దాని మీద వేసే ఏ కోటైనా ఆ పొడికి అతుక్కుంటుంది తప్ప గోడకి అతుక్కోదు. తర్వాత వేలి కణుపులతో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా మోగిన చోట ప్లాస్టరింగు ఇటుకని వదిలేసిందని అర్థం. అక్కడ పెన్సిలుతో గీత గీసి పెట్టండి.

ఇప్పుడు చెమ్మ. అడుగు చదరపు పాలిథీన్ ముక్క తీసుకుని అనుమానం ఉన్న చోట గోడకి పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. ఒక పగలూ ఒక రాత్రీ అలాగే వదిలేయండి. మర్నాడు చూస్తే, పాలిథీన్ లోపలివైపు, అంటే గోడవైపు, ముత్యాల్లా నీటి బొట్లు కనిపిస్తే తడి గోడలో ఉంది. బయటివైపు పట్టి ఉంటే అది గది గాలిలో తేమ, కిటికీ తెరిస్తే సరిపోతుంది. ఈ పరీక్షకి ఖర్చు దాదాపు ఏమీ లేదు. అయినా చేసే పెయింటర్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

తడి ఉందని తేలితే, ఎక్కణ్ణుంచి వస్తోందో మచ్చ ఉన్న చోటే చెబుతుంది. సీలింగు మూలలో ఉంటే పైన శ్లాబులోనో, పిట్టగోడ అంచులోనో పగులు. కిటికీ కింద ఉంటే సజ్జ మీదో, కిటికీ గట్టు మీదో నీరు నిలుస్తోంది. ఏసీ కింద నిలువుగా చార కడితే ఏసీ నీళ్ల గొట్టానికి వాలు సరిగ్గా లేదు, ఇది అన్నిటికంటే తేలికగా పోయే జబ్బు. స్కర్టింగు (గోడ అడుగున ఉండే పట్టీ) నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా, అవతల బాత్రూము ఉన్న గోడకి వస్తే మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

బాత్రూము గోడకి నేను చెప్పేది ఇదే. చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి పక్కన తారీఖు వేయండి. వారం, పది రోజులు ఆ బాత్రూము వాడటం మానేయండి, దానికి నీళ్లొచ్చే వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. మచ్చ గీత లోపలికి ముడుచుకుంటే నేల టైల్స్ సందుల్లోంచో, డ్రెయిన్ దగ్గరో కారుతోంది. ఆ సందుల్లో నింపే గ్రౌటు తీయించి మళ్లీ వేయిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. వాడకపోయినా గీత దాటి పాకుతుంటే గోడలోని పైపే కారుతోంది. అది ప్లంబరు పని, పెయింటరు పని కాదు. "సార్, వాటర్‌ప్రూఫ్ ఒక కోటు కొట్టేద్దాం, పోతుంది" అని పెయింటరు అంటాడు. ఒప్పుకోకండి. లోపలివైపు నుంచి నీళ్లకి తలుపేస్తే అవి ఆగవు, ఇంకో రెండడుగులు పైకెక్కి అక్కడ బయటపడతాయి.

కారడం ఆగాక గోడ ఆరాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ తడి వదలాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పైకి పొడిగా కనిపించడం వేరు, ఆరడం వేరు. మళ్లీ పాలిథీన్ పరీక్ష చేసి, లోపల బొట్లు పట్టకపోతేనే ముందుకు వెళ్లండి.

గోడ ఆరేకొద్దీ తెల్లటి ఉప్పు పొంగుతుంది. దాన్ని చూసి తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తేవాళ్లే ఎక్కువ. తుడిస్తే ఉప్పు నీళ్లలో కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, నాలుగు రోజులకి తిరిగి వస్తుంది. పొడి బ్రష్షుతోనే దులపాలి, దులిపిన పొడిని ఎత్తి బయట పారేయాలి. ఉప్పు రావడం పూర్తిగా ఆగేదాకా ఇలాగే.

డొల్లగా మోగిన చోట ప్లాస్టరింగు ఇటుక కనిపించేదాకా చెక్కేయండి, మచ్చ దాటి ఇంకో అడుగు అదనంగా. కొత్త పూతకి ఉప్పు లేని నది ఇసుకో, మంచి రాతి ఇసుకో వాడమని మేస్త్రికి గట్టిగా చెప్పండి. వారం పాటు నీళ్లు కొట్టాలి. రంగు మాత్రం 28 రోజులు గడిచాకే. పచ్చి సిమెంటులో క్షారం ఉంటుంది, అది రంగుని తినేస్తుంది, మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది.

పాత ఇళ్లలో పునాది నుంచే చెమ్మ ఎక్కే గోడలుంటాయి. పునాది మీద చెమ్మ ఆపే పొర వేయకుండా కట్టినవి. వాటికి ఎమల్షన్ పూసి కష్టపడకండి. ఆ ఒక్క గోడకి సున్నం వేయించండి. సున్నం తడిని గాలిలోకి వదిలేస్తుంది, ప్లాస్టిక్ పొరలా బిగించి ఉంచదు. సున్నం అంటే చిన్నచూపు ఎందుకో నాకర్థం కాదు. కాస్త పసుపు రంగు పొడి కలిపిన సున్నపు గోడ పొద్దుటి ఎండలో కనబడినట్టు ఏ లగ్జరీ ఎమల్షనూ కనబడదు.

పీవీసీ ప్యానెళ్లు, వాల్‌పేపరు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చెమ్మ కనబడకుండా ప్యానెల్ బిగించడం పుండు మీద పట్టు చీర కప్పడమే. వెనక బూజు నల్లగా పాకుతుంది, గది వాసన వేస్తుంది, ఎందుకో ఏడాదిదాకా తెలియదు. వాల్‌పేపరు మన కోస్తా ఉక్కపోతకి అంచుల దగ్గర లేచిపోతుంది. గోడ బాగుంటే ఈ రెండూ అక్కర్లేదు, బాగోకపోతే ఈ రెండూ పనికిరావు.

లప్పం

ఎక్కువమంది గోడ పాడుచేసుకునేది ఇక్కడే. లప్పం రెండు రకాలు. వైట్ సిమెంటుది ఒకటి, డబ్బాలో తయారుగా వచ్చే యాక్రిలిక్‌ది ఒకటి. సిమెంటు లప్పం ఉత్త ప్లాస్టరింగు మీదే పడుతుంది. పాత పెయింటు మీద పూస్తే కొన్నాళ్లకి పలకలుగా ఊడి వస్తుంది. పాత రంగు గట్టిగా ఉండి, అక్కడక్కడ గుంతలే పూడ్చాలంటే ఆ మేరకు 120 కాగితంతో గరుకు చేసి, ప్రైమరు వేసి, యాక్రిలిక్ లప్పం పెట్టండి. గోడంతా చెక్కి కొత్తగా పూత వేయించిన చోట సిమెంటు లప్పం వాడండి. దానికి ముందు గోడని తడపాలి. నీళ్లు కారేలా కాదు, చేయి పెడితే చల్లగా తగిలేలా. పొడి గోడ లప్పంలోని నీళ్లు పీల్చేస్తే అది గట్టిపడదు, సుద్దలా రాలుతుంది.

కలిపిన సిమెంటు లప్పాన్ని రెండు మూడు గంటల్లో వాడేయాలి. బిగిసిపోయాక నీళ్లు పోసి మళ్లీ కలపడం ప్రతిచోటా చూస్తాను. అలా చేసినది గోడని పట్టదు. పారేయండి. ఒకేసారి మందంగా పూయకండి, రెండు పలచటి కోట్లు వేయండి. రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. మొదటి కోటు రాత్రంతా ఆరనివ్వండి.

తర్వాత రుద్దడం. గది చీకటి చేసి, ఫోను టార్చి గోడకి ఆనించినట్టు పక్కనుంచి పట్టండి. పగలు నునుపుగా కనబడిన గోడలో బ్లేడు గీతలు, చిన్న గుంతలు, మిట్టలు నీడలతో సహా బయటపడతాయి. 220తో రుద్ది, మళ్లీ టార్చి పట్టి, 320తో ముగించండి. రుద్దేటప్పుడు మాస్కు తీయొద్దు, తలుపు కింద తడిగుడ్డ పెట్టండి.

తలుపులు, కిటికీలకి పాత ఎనామిల్ ఉంటే ఇంకో జాగ్రత్త. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు. వాటిని పొడిగా రుద్దకండి. నీళ్లు చల్లుతూ తడి కాగితంతో రుద్దండి, పని అయ్యేదాకా పిల్లల్ని, గర్భిణుల్ని ఆ ఇంట్లోకి రానివ్వకండి.

రంగు

దుమ్ము దులిపి ప్రైమరు ఒక కోటు వేయండి. ముందు సీలింగు, తర్వాత గోడలు, ఆఖర్న తలుపులు. షేడ్ కార్డు మీద ముద్దుగా ఉన్న రంగు నాలుగు గోడలకీ పడేసరికి ఒక పట్టు ముదురుగా కనబడుతుంది, అందుకే కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది ఎంచుకోండి. రెండడుగుల మేర గోడ మీద పూసి, పగలొకసారి, రాత్రి దీపం వెలుగులో ఒకసారి చూసి ఖాయం చేయండి. పడమటి ఎండ కొట్టే గదికి ముదురు రంగు వద్దు. ముదురు రంగు మీద మోజుంటే మంచం తల వెనక గోడ ఒక్కటే. పడుకున్నాక అది మీ కంటికి కనబడదు, నిద్రకి అడ్డు రాదు.

డబ్బా మీద రాసిన దానికంటే ఒక్క గ్లాసు నీళ్లు కూడా ఎక్కువ కలపనివ్వకండి. కోటుకీ కోటుకీ మధ్య కనీసం నాలుగు గంటలు. ఆఖరి కోటు పూర్తిగా ఆరకముందే మాస్కింగ్ టేపు లాగేయండి. రెండు మూడు రోజులు కిటికీలు తెరిచి ఉంచి, ఆ గదిలో పడుకోకండి.

దీపాలు, బట్టలు, మంచం

పడకగదిలో తెల్లటి ట్యూబ్‌లైటు ఉండకూడదు. 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) వెలుగులో మీరేసిన మెత్తటి రంగు ఆస్పత్రి గోడలా కనబడుతుంది. బల్బు పెట్టె మీద వార్మ్ వైట్, 2700 లేదా 3000 కెల్విన్ అని ఉన్నది చూసి తెచ్చుకోండి. సీలింగుకి ఒకటి, మంచానికి అటూ ఇటూ ఒక్కొక్కటి, చేతికందేలా స్విచ్చి. ఫాల్స్ సీలింగు జోలికి పోకండి, పదడుగుల గది ఇరుకైపోతుంది.

కర్టెన్లు కడ్డీ నుంచి నేల దాకా దిగాలి, కిటికీ మేర కత్తిరించినవి గదిని పొట్టిగా చూపిస్తాయి. మంగళగిరి నేతలో సాదా రంగు తీసుకోండి. దుప్పటికి పోచంపల్లి ఇక్కత్, లేదా పెడన కలంకారి అచ్చు. రెండూ కలిపి వేయకండి, ఒక గదిలో ఒకే డిజైన్ మాట్లాడాలి. నేలకి వరంగల్ దుర్రీ వేస్తే కార్పెట్ అక్కర్లేదు. దులపడం తేలిక, ఉక్కపోయదు.

మంచం తల ఉత్తరానికి పెట్టకండి. దీని మీద వాదన వద్దు, ఇంట్లో పెద్దవాళ్లు ఎలాగూ పెట్టనివ్వరు. బీరువాని గోడకి ఆనించకుండా మూడు నాలుగంగుళాలు జరిపి పెట్టండి. వెనక గాలి ఆడకపోతే ఎంత బాగా ఆరిన గోడకైనా బూజు పడుతుంది.

మిగిలిన రంగు చిన్న డబ్బాలో గాలి దూరకుండా మూసి అటక మీద పెట్టండి. షేడ్ నంబరు, కంపెనీ పేరు, వేసిన తారీఖు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. రేపు పిల్లలు గోడ గీకినప్పుడు దుకాణంలో "ఆ లేత ఆకుపచ్చలాంటిది" అంటే ఎవరూ ఇవ్వలేరు.