ఉమ్మడి అడ్రస్‌కు వచ్చిన మెయిల్‌కు జవాబు సొంత అడ్రస్ నుంచి పోతోందా?

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో జూన్, జూలై అంటే ఊపిరాడదు. గేటు బయట తోతాపురి లోడ్లు, ఆఫీసులో కొటేషన్లు, ప్యాకింగ్ లిస్టులు. కంపెనీకి 'ఎక్స్‌పోర్ట్స్' అని ఒక ఉమ్మడి అడ్రస్ ఉంటుంది. దాన్ని చూసే ముగ్గురు నలుగురికి ఎవరి అడ్రస్ వాళ్లకు ఉంటుంది. చిక్కులన్నీ ఈ రెండూ కలిసే చోటే.

జవాబు సొంత అడ్రస్ నుంచి వెళ్తోంది

వెబ్‌మెయిల్ డీఫాల్ట్ అడ్రస్‌ను ఎత్తుకోవడమే కారణం. జీమెయిల్ అయితే కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి, 'అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్'లో 'సెండ్ మెయిల్ యాజ్' దగ్గర, మెయిల్ ఏ అడ్రస్‌కు వచ్చిందో అక్కడి నుంచే జవాబు వెళ్లే ఆప్షన్ పెట్టండి. చాలా హోస్టింగ్‌లతో వచ్చే వెబ్‌మెయిల్ రౌండ్‌క్యూబ్‌లో అయితే 'ఐడెంటిటీస్' (పంపేవాళ్ల పేరు, అడ్రస్) కింద ఉమ్మడి అడ్రస్‌ను విడిగా చేర్చాలి. సంతకం కూడా అక్కడే మార్చేయండి. అవతలివాళ్లు మనకు బీసీసీలో (మిగతావాళ్లకు కనిపించని కాపీగా) పంపితే మాత్రం టు లైన్‌లో ఉమ్మడి అడ్రస్ ఉండదు కాబట్టి మళ్లీ డీఫాల్టే వస్తుంది. పంపే ముందు ఫ్రమ్ లైన్ ఒకసారి చూసుకోండి.

553, 'సెండర్ అడ్రస్ రిజెక్టెడ్: నాట్ ఓన్డ్ బై యూజర్'

మెయిల్ ఇలాంటి ఎర్రర్‌తో వెనక్కి వస్తే, మీరు సొంత లాగిన్‌తో లోపలికి వెళ్లి ఎక్స్‌పోర్ట్స్ పేరు మీద పంపబోయారు. ఆ పేరు వాడే హక్కు మీ లాగిన్‌కు లేదని సర్వర్ ఆపేసింది. మీ వైపు ఎన్ని సెట్టింగ్స్ మార్చినా లాభం లేదు. మెయిల్ సర్వర్ చూసేవాళ్లకు, "సార్, నా లాగిన్‌తో ఎక్స్‌పోర్ట్స్ అడ్రస్ నుంచి పంపే పర్మిషన్ ఇవ్వండి" అని చెప్తే సరిపోతుంది. ఉమ్మడి పాస్‌వర్డ్‌ను అందరికీ పంచడం మాత్రం వద్దే వద్దు.

వెళ్తోంది, కానీ పార్టీకి స్పామ్‌లో పడుతోంది

టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే మనకు ఏ ఎర్రర్ కనిపించదు. ఉమ్మడి అడ్రస్ నుంచి వేరే జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపి, అక్కడ తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందా అని చూసే మూడు తనిఖీలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. వాటి ఫలితాలు పైనే కనిపిస్తాయి.

ఎస్‌పీఎఫ్ ఫెయిల్ అంటే, మెయిల్ బయటికి పంపిన సర్వర్ మీ డొమైన్ ఇచ్చిన జాబితాలో లేదని. అక్కడ పాస్ అని ఉన్నా డీమార్క్ ఫెయిల్ కావచ్చు. ఎస్‌పీఎఫ్ చూసేది ఫ్రమ్ లైన్‌ను కాదు, వెనక ఉండే రిటర్న్ అడ్రస్‌ను. డీమార్క్ పాస్ కావాలంటే ఆ డొమైన్‌గానీ, డీకిమ్ సంతకం (సర్వర్ మెయిల్‌పై వేసే డిజిటల్ ముద్ర)లోని డొమైన్‌గానీ ఫ్రమ్ లైన్‌తో కలవాలి. అందుకే జీమెయిల్‌లో ఉమ్మడి అడ్రస్ చేర్చేటప్పుడు మీ డొమైన్ సొంత ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్ (మెయిల్ బయటికి పంపే సర్వర్) ఇవ్వండి, పోర్ట్ 587 లేదా 465. డీకిమ్ ఆన్ చేయించండి.

ఇంకో పొరపాటు చాలా చోట్ల ఉంటుంది. హోస్టింగ్ మారినప్పుడు పాత ఎస్‌పీఎఫ్ రికార్డు తీయకుండా కొత్తది చేరుస్తారు. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. రెండింటిలోని సర్వర్లనూ ఒకే రికార్డులో కలిపి రాయించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు పంపే ప్రతి ఒక్కరికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి తప్పనిసరి. రోజుకు 5,000 దాటితే డీమార్క్‌తో కలిపి మూడూ ఉండాలి.

పక్క సీటు ఆయన పంపింది నాకు కనిపించడం లేదు

ఒకే పార్టీకి ఇద్దరు రెండు రేట్లు పంపేది ఇక్కడే. కాపీ ఎప్పుడూ పంపినవాళ్ల లాగిన్‌లోని 'సెంట్'లోనే ఉండిపోతుంది. రౌండ్‌క్యూబ్‌లో అయితే ఆ ఐడెంటిటీలోనే బీసీసీ గడిలో ఉమ్మడి అడ్రస్ రాసిపెట్టండి, ప్రతి జవాబుకూ కాపీ అక్కడికి చేరుతుంది. ఉమ్మడి అడ్రస్ జీమెయిల్ ఖాతానే అయితే ఇంకా మంచి దారి ఉంది. 'గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్' కింద ఒక్కొక్కరినీ చేర్చండి. మామూలు ఖాతాకు 10 మంది వరకు చేర్చవచ్చు. వాళ్లకు పాస్‌వర్డ్ తెలియాల్సిన పని లేదు, దాన్ని మార్చనూ లేరు. పంపినవన్నీ ఒకే 'సెంట్'లో ఉంటాయి. ఎవరైనా పని మానేసిన రోజే అక్కడి నుంచి వాళ్ల పేరు తీసేయండి.