టెన్షన్‌లో ఆగి ఊపిరి తీసుకోవడం గుర్తే రావట్లేదా? ఇలా చూడండి

ఎలా పీల్చాలో చెప్పే వీడియోలకి కరువు లేదు, అసలు చిక్కంతా కావాల్సిన టైమ్‌కి అది గుర్తు రాకపోవడంలోనే ఉంది. అందుకే ముందు అదే చూద్దాం.

సమస్య: ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా, మోగుతుంది, ఆపేస్తా, అంతే.

కారణం: అలారం టైమ్ ప్రకారం మోగుతుంది, టెన్షన్ టైమ్ చూసుకుని రాదు కదా. పదకొండింటికి మీరు హాయిగా టీ తాగుతుంటే మోగుతుంది, నాలుగింటికి మేనేజర్ మెసేజ్ చూసి గుండె దడదడలాడుతుంటే గమ్మునుంటుంది. కొన్నాళ్లకి చెయ్యి దానంతటదే స్వైప్ చేసేస్తుంది, మీకు తెలియను కూడా తెలీదు.

పరిష్కారం: రోజూ ఎలాగూ జరిగేదానికి, అదీ మీకు చిరాకు తెప్పించేదానికే ముడిపెట్టండి. "ఇది జరిగితే అది చేస్తా" అని ముందే అనుకుంటే ఆ పని చేసే అవకాశం పెరుగుతుందని సైకాలజిస్ట్ పీటర్ గోల్విట్జర్ 1999లోనే ఒక పేపర్‌లో వివరించాడు. అంటే "రోజూ ప్రశాంతంగా ఉంటా" అని కాదు, "రెడ్ సిగ్నల్ పడితే భుజాలు వదిలేసి రెండుసార్లు నెమ్మదిగా ఊపిరి వదుల్తా" అని. వియత్నాం బౌద్ధ గురువు తిక్ న్యాట్ హాన్ అయితే ఫోన్ మోగగానే ఎత్తకండి, ఆ రింగునే ధ్యానం గంట అనుకుని ఊపిరి గమనించి అప్పుడు ఎత్తండి అని నేర్పేవారు, రోజంతా కాల్స్‌లో నలిగేవాళ్లకి నాకైతే ఇదే బెస్ట్ అనిపిస్తుంది. మొదట్లో ఒక్కదానికే ముడిపెట్టండి, అయిదు పెట్టుకుంటే అయిదూ పోతాయి.

సమస్య: గుర్తొస్తుంది, కానీ పిల్లల మీద అరిచేశాక.

కారణం: కోపం వచ్చిందని మనసుకి తెలిసేలోపే ఒంట్లో మొదలైపోతుంది. పళ్లు బిగుస్తాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఊపిరి ఆగుతుంది. మెయిల్ చదువుతూ ఊపిరి బిగబట్టేయడాన్ని గమనించి లిండా స్టోన్ అనే ఆవిడ 2008లో దానికి "ఈమెయిల్ ఆప్నియా" అని పేరే పెట్టింది.

పరిష్కారం: కోపం కోసం కాదు, బిగిసిన దవడ కోసం చూడండి, అది ముందే దొరుకుతుంది. అరిచాక గుర్తొచ్చినా సరే, అప్పుడే చేసేయండి, రెండో అరుపైనా ఆగుద్ది.

సమస్య: గట్టిగా ఊపిరి పీలిస్తే కళ్లు తిరుగుతున్నాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.

కారణం: "డీప్ బ్రీత్" అనగానే ఛాతీ పొంగించి గబగబా లాగేస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకెళ్లే రక్తనాళాలు కుంచించుకుంటాయి.

పరిష్కారం: పీల్చడం తక్కువ, వదలడం ఎక్కువ. ముక్కుతో 4 లెక్కపెడుతూ మామూలుగా పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి, సెకనుకో అంకె అనుకుంటే నిమిషానికి 6 సార్లవుతుంది. మామూలుగా పెద్దవాళ్లకి 12 నుంచి 20 దాకా ఉంటుంది. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం వల్ల గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఉపయోగమంతా అక్కడే.

సమస్య: ఊపిరి మీద ధ్యాస పెడితే కంగారు ఇంకా పెరుగుతోంది.

కొంతమందికి అంతే, ముఖ్యంగా ప్యానిక్ అటాక్స్ వచ్చేవాళ్లకి. బలవంతం వద్దు, పాదాలు నేలకి ఎలా ఆనుతున్నాయో, ఫ్యాన్ చప్పుడెలా ఉందో గమనించండి చాలు. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు ఉంటే మాత్రం శ్వాస ఎక్సర్‌సైజులు పక్కన పెట్టేసి వెంటనే 108కి ఫోన్ చేయండి.