పాప్ పంక్ చెవికెక్కాలంటే: ‘డూకీ’తో మొదలుపెట్టే పద్ధతి

మా అక్క కొడుకు ఇంటర్ పరీక్షలయ్యాక సెలవులకి హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చాడు. నా గదిలో అమెరికన్ బ్యాండ్ గ్రీన్ డే పాటలు మోగుతుంటే గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు. “పిన్నీ, ఇందులో పాట ఎక్కడుంది?” అన్నాడు. వాడు వెక్కిరించలేదు, నిజంగానే వెతుక్కుంటున్నాడు. గిటార్లూ డ్రమ్సూ ఒక్కసారిగా మీద పడితే కొత్త చెవికి ఏదీ విడిగా అందదు. వాడిని వారం రోజులు కూర్చోబెట్టి ఎలా వినిపించానో అదే ఇక్కడ రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా నన్ను నిలబెట్టిన సంగీతం ఇది, పాప్ పంక్: పంక్ రాక్ వేగమూ హోరూ, దాని మీద ఎవరైనా పాడుకునేలాంటి పాప్ బాణీ. ఎవరైనా అరనిమిషం విని గోల అని పక్కన పెట్టేస్తే నాకు బాధేస్తుంది.

ముందుగా, ప్లేలిస్ట్ జోలికి పోకండి. వంద బ్యాండ్ల వంద పాటలు వింటే అన్నీ ఒకేలా ఉన్నట్టనిపిస్తుంది. ఒకే ఒక్క ఆల్బమ్ పట్టుకోండి. నేనైతే గ్రీన్ డే వాళ్ల ‘డూకీ’ ఇస్తాను. 1994 ఫిబ్రవరి 1న వచ్చింది. 14 పాటలు, అన్నీ కలిపి 40 నిమిషాల లోపే. పాడుతూ గిటార్ వాయించేది బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, మంద్రంలో మోగే బాస్ గిటార్ మైక్ డర్న్ట్, డ్రమ్స్ ట్రే కూల్. ఆల్బమ్ విడుదలయ్యేనాటికి ముగ్గురికీ ఇరవై ఒక్కేళ్లే. వాళ్లు పెరిగిన చోటు గురించి ఒక్కటి తెలుసుకోండి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్‌మన్ స్ట్రీట్ అని పంక్ బ్యాండ్లు వాయించే ఒక హాలుంది. వాలంటీర్లే నడుపుతారు. మద్యం ఉండదు, ఏ వయసు పిల్లలైనా రావచ్చు. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్‌కి అప్పట్లో అక్కడ స్టేజీ ఇచ్చేవారు కాదు. ‘డూకీ’ కోసం పెద్ద కంపెనీ దగ్గర సంతకం పెట్టాక వీళ్లకి ఆ తలుపు మూసుకుపోయింది. ఆల్బమ్‌లో సొంత ఊరి మీద ప్రేమా, అక్కణ్ణుంచి పారిపోవాలన్న తొందరా రెండూ ఎందుకు పక్కపక్కనే వినిపిస్తాయో ఇది తెలిస్తే కొంత అర్థమవుతుంది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. అందులో బాస్ గిటార్ దాదాపు వినపడదు, బాస్ లేని పాప్ పంక్ అంటే పప్పు లేని సాంబారు. రెండు చెవులకీ పనిచేసే మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. సౌండ్ సగానికి కాస్త పైన పెట్టండి. మరీ పెంచితే పై శబ్దాలే చెవిని కోస్తాయి, చెవులకీ మంచిది కాదు.

పాటలు వాళ్లు పేర్చిన వరుసలోనే వినండి. షఫుల్ తీసేయండి. దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2004లో నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడు. హాస్టల్లో ఒక స్నేహితురాలు ఎమ్‌పీ3 సీడీ రాసిచ్చింది. అందులో పాటలు అక్షర క్రమంలో ఉండేవి. ‘బాస్కెట్ కేస్’ మొదటిది, తర్వాత ‘బర్నౌట్’, ఆ తర్వాత ‘చంప్’, ‘కమింగ్ క్లీన్’. ఏడాదిపాటు నా దృష్టిలో ఆల్బమ్ అదే. అసలు సీడీ చేతికొచ్చాక తెలిసింది, మూడో పాట ‘చంప్’ చివర వాయిద్యాలు మాత్రమే పోగై పోగై, నాలుగో పాట ‘లాంగ్‌వ్యూ’ గుమ్మంలోకి తెచ్చి వదులుతాయని. నా సీడీలో ఆ రెండింటి మధ్యా బోలెడు పాటలు అడ్డం. ఆ అతుకు మొదటిసారి విన్న రాత్రి మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుని విన్నాను.

మొదటిసారి వినేటప్పుడు ఏమీ పట్టించుకోకండి. నడుస్తూ వినండి. సాహిత్యం తెరవద్దు, ఏ పాట నచ్చిందో తేల్చుకోనూ వద్దు. ఇది ఒంటికి ముందు తెలియాల్సిన సంగీతం. అడుగుల వేగం దానంతటదే పెరిగితే పని మొదలైనట్టే.

రెండోసారి బాస్ ఒక్కదాన్నే పట్టుకోండి. అందుకు ‘లాంగ్‌వ్యూ’ని మించింది లేదు. మొదట డ్రమ్స్ ఒక్కటే, ఊగుతూ నడుస్తుంది. దాని మీదకి బాస్ వస్తుంది. చరణమంతా గిటార్ ఉండదు. గొంతూ, బాసూ, డ్రమ్మూ అంతే. ఏమీ తోచక ఇంట్లో కూర్చున్న కుర్రాడి పాట అది. బాస్ కూడా అలాగే గదిలో అటూ ఇటూ తిరుగుతుంది, కిటికీ దాకా వెళ్లి వెనక్కొస్తుంది. ఆ తర్వాత పల్లవిలో గిటార్ తలుపు తన్నుకుని లోపలికొచ్చిపడుతుంది. దాని బలమంతా అంతసేపూ అది లేకపోవడంలోనే ఉంది. మా వాడిని కళ్లు మూసుకోమని, బాస్ పైకి వెళ్లినప్పుడల్లా వేలు పైకెత్తమన్నాను. రెండో చరణానికి వేలు తప్పకుండా కదులుతోంది. “ఇదే పాట పాడుతోంది కదా పిన్నీ!” అన్నాడు. అవును, గొంతుతో పాటు ఇంకో పాట కింద నడుస్తూ ఉంటుంది. ఆ డ్రమ్స్ ఊపు మన తీన్మార్‌కి దూరపు చుట్టం అనిపిస్తుంది నాకు. రెండూ ఒకటి కాదు, కానీ భుజాలు కదిలే తీరు ఒకటే.

మూడోసారి డ్రమ్స్. లెక్కపెట్టాల్సిన పని లేదు. ఒక వరుస అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట ట్రే కూల్ ఏం చేస్తాడో అది మాత్రం వినండి. వాయించేవాళ్లు దాన్ని ఫిల్ అంటారు. ‘బాస్కెట్ కేస్’ గిటారూ గొంతూ మాత్రమే ఉండగా మొదలవుతుంది. డ్రమ్స్ కోసం ఎదురు చూడండి. వచ్చాక ఫిల్ మీద ఫిల్ దొర్లుకుంటూ వస్తుంది, ఒక్కటి కూడా గొంతుకి అడ్డం పడదు.

ఇప్పుడు గిటార్. దీన్ని నాకు విడమరిచి చెప్పింది మా అమ్మ. విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలకి సంగీతం చెబుతుంది, శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని. 2006 వేసవిలో పాత గిటార్ ఒకటి కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లాను. ముందు గదిలో ఒకే కార్డ్, అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుత్తి, మళ్లీ మళ్లీ కొడుతున్నాను. లోపల పిల్లలు జంట స్వరాలు పాడుతున్నారు. అమ్మ పాఠం ఆపి బయటికొచ్చింది, తిడుతుందేమో అనుకున్నాను.

“ఏదీ, మళ్లీ వాయించు.”

వాయించాను.

“షడ్జమం, పంచమం, పై షడ్జమం. గాంధారం ఏదే?”

“ఉండదమ్మా. ఇది అంతే.”

“అయితే తంబురాయే కదే ఇది! గాంధారం సంగతి పాడేవాడు చూసుకోవాలన్నమాట.”

నేను వాయించిన దాన్ని పవర్ కార్డ్ అంటారు. దాని గురించి అంతకంటే మంచి మాట నేనెక్కడా వినలేదు. అది సాధారణ కార్డ్‌లోంచి గాంధారాన్ని తీసేయగా మిగిలింది. గిటార్ శబ్దాన్ని బాగా చెదరగొట్టి మోగించినప్పుడు, అంటే డిస్టార్షన్ పెట్టినప్పుడు, గాంధారం కూడా ఉంటే శబ్దం బురదబురదగా అవుతుంది. స, ప మాత్రమే ఉంటే ఎంత పెంచినా నిటారుగా నిలబడుతుంది. ఆ కార్డ్ దానంతటదే సంతోషమూ కాదు, దిగులూ కాదు. ఆ సంగతి తేల్చేది పైన పాడే గొంతు. అందుకే నాలుగోసారి వినేటప్పుడు గిటార్‌ని తంబురా అనుకుని, గొంతుని దాని మీద పాట అనుకుని వినండి. మా వాడు అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుంది.

గిటార్ ఉన్నవాళ్లు చేతికి కూడా తెచ్చుకోవచ్చు. చూపుడువేలు అన్నిటికంటే లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది గడి), ఉంగరపు వేలు దాని పక్క తీగ మీద ఐదో ఫ్రెట్‌లో, చిటికెన వేలు ఆ తర్వాతి తీగ మీద అదే ఐదో ఫ్రెట్‌లో. మిగతా తీగలు మోగకూడదు. ఇది జీ కార్డ్. ఇదే ఆకారాన్ని ఒక తీగ కిందికి దించి చూపుడువేలు ఐదో ఫ్రెట్‌లో పెడితే డీ, ఏడో ఫ్రెట్‌కి జరిపితే ఈ, మూడుకి తెస్తే సీ. ఈ నాలుగూ ఈ వరుసలోనే వాయిస్తే ‘వెన్ ఐ కమ్ అరౌండ్’ మీ చేతిలో ఉన్నట్టే. రికార్డుతో కలిపి వాయించాలంటే అన్ని తీగల్నీ అరస్వరం కిందికి దించుకోవాలి. వాళ్లు అలా దించే వాయించారు. నాకు ఇది తెలియక నెల రోజులు శ్రుతి ఎందుకు కలవట్లేదా అని సతమతమయ్యాను.

ఇక కుడిచేయి. పామ్ మ్యూట్ అనేది రాకపోతే ఈ సంగీతం రాదు. అరచేతి అంచుని, చిటికెన వేలి వైపున, గిటార్ ఒంటి మీద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జ్‌లోంచి అవి బయటికొచ్చే చోట ఆనించి కొట్టాలి. చేయి మరీ ముందుకొస్తే చెక్క మీద కొట్టినట్టు ‘టక్’మంటుంది. మరీ వెనక్కిపోతే తీగ పూర్తిగా మోగుతుంది. మధ్యలో వేలెడంత జాగాలో ‘జగ్ జగ్’ అనే గొంతు దొరుకుతుంది. చరణంలో చేయి ఆనించి ఉంచడం, పల్లవిలో ఎత్తేయడం, పాట పైకి లేచినట్టనిపించడానికి అదే సగం కారణం. పై నుంచి కిందికే కొట్టండి, మణికట్టుతో. మోచేయి కదిలితే రెండు నిమిషాల్లో భుజం పట్టేస్తుంది.

సాహిత్యం ఇక్కడికొచ్చాకే తెరవండి. బూతులుంటాయి, పెద్దవాళ్ల ముందు చూసుకోండి. ‘బాస్కెట్ కేస్’ బిల్లీ జో తనకొచ్చే భయం గురించి రాసుకున్న పాట. కారణం లేకుండా గుండె దడదడలాడేది, పిచ్చెక్కుతోందేమో అనుకునేవాడు. అది ప్యానిక్ డిజార్డర్ అని తర్వాత తెలిసింది. నాకు ఇంజనీరింగ్ మూడో ఏడు పరీక్షల ముందు రాత్రుళ్లు అలాగే వచ్చేది. హాస్టల్ మేడ మీద వాటర్ ట్యాంక్‌కి ఆనుకుని కూర్చుని ఈ పాట వినేదాన్ని. నా గుండె కంటే వేగంగా అది కొట్టుకుంటుంటే నాది మెల్లగా దారికొచ్చేది. ఎవరికీ చెప్పుకోలేని విషయాన్ని ఒకడు మూడు నిమిషాల్లో అరిచి, పైగా పాడుకునేలా చెప్పాడు. పాప్ పంక్ అంటే నాకు అదే.

ఆల్బమ్ ఒంటబట్టాక వెనక్కి వెళ్లండి. న్యూయార్క్ వాళ్లు రామోన్స్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లోనూ 14 పాటలే, కానీ అరగంట కూడా పట్టదు. మాంచెస్టర్ వాళ్లు బజ్‌కాక్స్ దగ్గర ఇంత వేగంలోనూ ప్రేమ పాట ఎలా రాయాలో వినొచ్చు. ముందుకొస్తే బ్లింక్-182 వాళ్ల 1999 ఆల్బమ్, అందులో ట్రావిస్ బార్కర్ డ్రమ్స్ కోసం. పారామోర్‌ని మాత్రం దాటిపోకండి. 2007లో వాళ్ల రెండో ఆల్బమ్ వచ్చేనాటికి అందులో పాడే హేలీ విలియమ్స్‌కి 18 ఏళ్లు. అన్నీ మగగొంతులే విన్న నాకు ఆ గొంతు ఏం చేసిందో చెప్పాలంటే ఇంకో వ్యాసం రాయాలి.

ప్రత్యక్షంగా వినే అవకాశం వస్తే వదలొద్దు. గ్రీన్ డే 2025 మార్చిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో వాయించారు, లొల్లాపలూజా ఇండియా అనే సంగీతోత్సవంలో. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాను. కింద నాలుగు విషయాలు పనికొస్తాయి. మెత్తటి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, చెవులు పాడవకుండా ఉంటాయి. చెప్పులు కాకుండా లేసులు గట్టిగా కట్టిన బూట్లు వేసుకోండి. శబ్దం బాగుండాలంటే మిక్సింగ్ బల్ల, అంటే శబ్దాలన్నీ సర్దే చోటు, దగ్గర నిలబడండి. గెంతుదామనుకుంటే ముందుకెళ్లండి, పక్కన ఎవరైనా పడిపోతే పాట సంగతి మర్చిపోయి ముందు లేపండి. నా ముందు ఒకమ్మాయి జారిపడితే నాలుగు వైపుల నుంచీ చేతులొచ్చాయి, తను లేచి పాట అందుకుంది. ‘బాస్కెట్ కేస్’ అందరూ పాడుతుంటే నాకు హాస్టల్ మేడ మీది వాటర్ ట్యాంక్ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. ‘డూకీ’లో 14వ పాట ఒక్క గిటార్‌తో మెల్లగా మొదలై, మధ్యలో బ్యాండంతా విరుచుకుపడి, ఆగిపోతుంది. అప్పుడు మీరు ఆపేయకండి. నేను ఏడాదిపాటు అక్కడే తర్వాతి పాటకి నొక్కేసేదాన్ని. నిమిషానికి పైగా ఏమీ వినపడదు. ఆ తర్వాత, పేరు కూడా వేయని ఇంకో చిన్న పాట ఉంది, డ్రమ్మర్ ట్రే కూల్ ఒక్కడే గిటార్ పట్టుకుని పాడింది. మా వాడికి ఈ సంగతి ముందు చెప్పలేదు. నిశ్శబ్దంలో ఇయర్‌ఫోన్ తీయబోయాడు, చేయి పట్టుకుని ఆపాను.