ఇచ్చిన బయానా వెనక్కి రావాలంటే ఏం చేయాలి?

అనంతపురం చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్ళకి తరచూ ఎదురయ్యే తలనొప్పి ఇది. బయానా ఇచ్చేస్తారు, అగ్రిమెంటు రాసుకుంటారు, తీరా రిజిస్ట్రేషన్‌కి పోతే ఆ సర్వే నంబరు 22ఎ జాబితాలో, అంటే నిషేధిత భూముల్లో ఉందంటారు. అమ్మినాయనను అడిగితే "నేనేం జేసేది, బయానా అంటే పోయినట్టే కదా" అంటాడు. పోయినట్టు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 65వ సెక్షన్ ఉంది: ఒప్పందం చెల్లదని తర్వాత తేలితే, దాని కింద ఎవరి చేతికి ఏం వచ్చిందో అది తిరిగి ఇచ్చేయాలి, లేదా దానికి తగ్గ విలువ కట్టివ్వాలి.

ఇది నష్టపరిహారం కాదు. నష్టపరిహారంలో మీకు ఎంత పోయిందన్నది లెక్క, ఇక్కడ మాత్రం మీది అవతలివాళ్ళ దగ్గర ఎంత ఉండిపోయిందన్నదే లెక్క, అందుకే ఆయన మోసం చేశాడని మీరు నిరూపించాల్సిన పని లేదు. చాలామంది ఈ సంగతి తెలీక నేరుగా పోలీస్ స్టేషన్‌కి పోతారు, అక్కడ సివిల్ మ్యాటర్ అని వెనక్కి పంపితే ఇక దారే లేదనుకుని ఇంట్లో కూర్చుంటారు. నిజంగా దొంగ కాగితాలు చూపించి అమ్మి ఉంటే ఆ కేసు వేరే, అది కూడా పెట్టండి. కానీ డబ్బు వెనక్కి అడిగే హక్కు దానిమీద ఆధారపడి లేదు.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని లెక్క రాయండి. ఏ తేదీన, ఎంత, ఎలా, ఎవరి చేతికి. "మార్చి 3, యాభై వేలు, ఫోన్‌పే. మార్చి 20, రెండు లక్షలు, నగదు, ఆయన ఇంట్లో, ఇద్దరు సాక్షులు." ఇంత పొడిగా రాస్తే చాలు. నగదు ఇచ్చిన చోటే చిక్కు వస్తుంది కాబట్టి దానికి జత ఏముందో వెతకండి: అగ్రిమెంటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టారా, అదే రోజు బ్యాంకులో డ్రా చేశారా, "ముట్టింది అన్నా" అని వాట్సాప్‌లో మెసేజ్ ఉందా. మీరు పుచ్చుకున్నది కూడా అదే కాగితం మీద రాయండి, ఎందుకంటే స్థలం మీ స్వాధీనంలోకి వచ్చి ఉంటే అది కూడా తిరిగి పోవాల్సిందే.

ప్లాటు విషయంలోనే కాదు, పొత్తు బోరు దగ్గర కూడా ఇదే పద్ధతి. మోటారు కాలిపోతుంది, చెనక్కాయ పైరు వాడిపోతోందని ఒకాయన సొంత డబ్బుతో వైండింగ్ చేయించి మళ్ళీ బోరులోకి దించుతాడు, రెండో ఆయన ఆ నీళ్ళే పైరుకు కట్టుకుంటాడు, వాటా అడిగితే మాత్రం "నేను చేయించమన్నానా?" అంటాడు. చేయించమనకపోయినా సరే, ఊరికే చేసిన సాయం కానప్పుడు దాని ఫలం అనుభవించినవాడు తన వంతు ఇవ్వాలని అదే కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి వైండింగ్ షాపు బిల్లుతో పాటు, ఆయన ఏయే రోజుల్లో నీళ్ళు కట్టుకున్నాడో కూడా రాసిపెట్టుకోండి, గెలిచేది ఆ రెండో కాగితంతోనే.

పొరపాటున వేరే నంబరుకి డబ్బు పోతే ఆ చట్టంలోనే 72వ సెక్షన్ మీ వైపే ఉంది, ముందు బ్యాంకులో, యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. మోసం అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ ఖాతాలోకే ఎవరి డబ్బయినా వచ్చిపడితే, ఫోన్ చేసినవాడు చెప్పిన నంబరుకి కొట్టేయకండి, బ్యాంకు ద్వారానే వెనక్కి పంపండి.

లెక్క అయ్యాక ఉత్తరం. లాయరు నోటీసే కానక్కర్లేదు. "ఫలానా తేదీల్లో మీకు రెండున్నర లక్షలు ఇచ్చాను. స్థలం 22ఎలో ఉన్నందున రిజిస్ట్రేషన్ జరగలేదు. 15 రోజుల్లో ఆ మొత్తం తిరిగి ఇవ్వగలరు." తిట్లు వద్దు, బెదిరింపులు అసలే వద్దు, ఆ కాగితం రేపు జడ్జి చదువుతారు. చేరినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపి, ఆ రసీదు దాచుకోండి.

ఇక గడువు. ఇలాంటి దావాలకు మామూలుగా మూడేళ్ళు. లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందన్నది కేసును బట్టి మారుతుంది కాబట్టి, డబ్బిచ్చిన రోజు నుంచే పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఉగాదికి ఇస్తా, పంట వస్తే ఇస్తా అని నోటిమాటగా చెప్పినంత మాత్రాన గడువు పెరగదు. ఆ మూడేళ్ళ లోపు ఆయన బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితేనే కొత్తగా లెక్క మొదలవుతుంది. పెద్దమనుషుల పంచాయితీ జరిగితే మంచిదే, కానీ అక్కడ తేలింది రాయించి సంతకాలు పెట్టించకుండా లేచి రావద్దు.

ఉత్తరానికి కదలకపోతే కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ఉంది, ఫోన్ అయితే 15100. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వొచ్చు, ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు కూడా ఉండదు. అవతలాయన ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం చేయలేరు. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, ఇది మన ఊళ్ళలో చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

దావాకే పోవాల్సి వస్తే ఒక్క సంగతి లాయరుతో గట్టిగా చెప్పండి. స్థలం రిజిస్టర్ చేయించమని అడిగే దావాలో, అది కుదరకపోతే బయానా తిరిగి ఇప్పించమని కూడా ప్లెయింటులోనే, అంటే కోర్టులో వేసే దావా కాగితంలోనే రాయాలి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం అడగనిది కోర్టు ఇవ్వదు. ప్లెయింటును సవరించుకునే వీలుంది గానీ, మొదటే రాస్తే అలసట తప్పుతుంది. అలాగే, ఏ తప్పూ లేని స్థలాన్ని మీరే వద్దనుకుని వెనక్కి తగ్గితే ఈ ధైర్యం పనికిరాదు, అప్పుడు అగ్రిమెంటులో బయానా గురించి ఏం రాసుకున్నారో దాన్నిబట్టే నడుస్తుంది.

డబ్బు చేతికొచ్చిన రోజున అగ్రిమెంటు ఒరిజినల్ ఆయనకి ఇచ్చేయండి, దాని మీద రద్దయినట్టు, మొత్తం ముట్టినట్టు రాసి ఇద్దరూ తేదీతో సంతకాలు చేయండి, జిరాక్సు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.